భావనపాడు పోటు, మావయ్యగారి ముహూర్తం

మా మావయ్యగారు పంచాంగం చూడకుండా చేసే పని తుమ్మడం ఒక్కటే. ఎదుటివాళ్ళు తుమ్మితే మాత్రం ఊరుకోరు. నేను టెక్కలికి కోడలిగా వచ్చిన కొత్తలో, టీచరుగా చేరమని ఆర్డరు చేతికొస్తే, వర్జ్యం దాటేదాకా నన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టారు. మొదటిరోజే ఆలస్యం. హెడ్మాస్టరు కారణం రాసిమ్మన్నాడు. వర్జ్యం అని రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, వాళ్ళమ్మాయి పెళ్ళికి మాఘమాసంలో మంచి ముహూర్తాలున్నాయేమో మీ మావయ్యగారిని కనుక్కోమన్నాడు.

మావయ్యగారు పౌరోహిత్యం చేస్తూ వచ్చిన ఊళ్ళలో భావనపాడు ఒకటి. సముద్రపు ఒడ్డున చేపల రేవు. కొత్త బోటు నీళ్ళలోకి దింపాలన్నా, వేట నిషేధం అయ్యాక మళ్ళీ మొదటిసారి సముద్రం మీదకి వెళ్ళాలన్నా, అక్కడివాళ్ళు మా ఇంటికి వచ్చి ముహూర్తం పెట్టించుకుంటారు. ఈయన బస్సులో వెళ్ళి, బోటు ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టించి కొబ్బరికాయ కొడతారు. ముహూర్తం వేళకి నలుగురు మగవాళ్ళు బోటుని నీళ్ళలోకి తోస్తారు. ఈయన అరటిపళ్ళు సంచిలో వేసుకుని తిరుగు బస్సు ఎక్కుతారు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఉప్పునీళ్ళు దాటిన పురోహితుడి చేత ఎవరూ కార్యం చేయించుకోరని వాళ్ళ నాన్నగారు చెప్పారట. అందుకని ఈ నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా బోటెక్కలేదు. సముద్రం గురించి ఆయనకి తెలిసిందల్లా మోకాలి లోతు.

అలాంటి మనిషి డెబ్బై రెండో ఏట తిమింగలాన్ని చూడ్డానికి బోటెక్కారు. ఆ ఆదివారం నేను పడినంత సంతోషం ఈమధ్య కాలంలో ఎప్పుడూ పడలేదు. మధ్యలో ఒక గంటసేపు నాకు ఏడుపొచ్చినంత పనైంది, అది వేరే సంగతి.

అసలు ఇదంతా ఒక వీడియోతో మొదలైంది. నేను పనిచేసే స్కూలు భావనపాడుకి దగ్గర్లోనే. సైన్సు చెప్తాను. పన్నెండేళ్ళ కిందట నా దగ్గర పదోతరగతి చదివినతను ఒకడు జనవరిలో మా ఇంటికి వచ్చాడు. జాలరి కుటుంబం. మా తీరంలో చాలామందిలాగే అతనూ గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తున్నాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు అక్కడే. కూతురు పుట్టినప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. మూడో నెలలో ఎలాగో సెలవు దొరికి వచ్చాడు.

"పాపని ఫోన్లోనే సూసినాను మేడంగారూ. ఇప్పుడొచ్చి ఎత్తుకుంతే కొత్తోడిని సూసినట్టు సూసి ఏడుత్తంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, చేతిలో కాఫీ గ్లాసు తిప్పుతూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణానికి పలాసలో రైలు, వచ్చే బుధవారం. అయితే ఒక చిన్న ఆశ ఉంది. వచ్చిన కొత్తలో వాళ్ళ బావతో వేటకి వెళ్ళినప్పుడు సముద్రంలో తిమింగలం కనిపిస్తే ఫోన్లో తీశాడు. ఆ వీడియో చేతులు మారి మారి విశాఖపట్నంలో టూరిస్టు ట్రిప్పులు నడిపే ఒకాయన దగ్గరికి చేరింది. ఆయన ఈ ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. బాగుందనిపిస్తే చలికాలమంతా జనాన్ని పంపుతాడు, వాళ్ళని బోటులో తీసుకెళ్ళి పక్షుల్నీ తిమింగలాల్నీ చూపించడం ఇతని పని. మిగతా రోజుల్లో ఊళ్ళోనే వేట. ఆయన ఊఁ అంటే రైలు టిక్కెట్టు కేన్సిలు. ఊహూఁ అంటే బుధవారం రైలు, పాపకి నడక వచ్చేదాకా మళ్ళీ ఫోన్లోనే చూసుకోవాలి.

ఆదివారానికి ముహూర్తం పెట్టించుకోవడానికి వచ్చాడన్నమాట. పనిలో పనిగా ఇంకో మాట కూడా చెప్పాడు. ఆడపిల్లకి ఐదో నెలలో అన్నప్రాశన చెయ్యాలి కదా, అప్పటికి తను ఉండకపోవచ్చు, పంతులుగారే దగ్గరుండి చేయించాలని. అది తర్వాత చూద్దాంలే, ముందు ఆదివారం సంగతి చూడనీ అని మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. శుద్ధ తదియ, రోజు మంచిదే. ఏడూ యాభైకి వర్జ్యం వస్తోంది. ఆలోపు ఏడూ ఇరవైకి దివ్యంగా ఉందన్నారు. అతను సరే పంతులుగారూ అని తలూపాడు.

తర్వాత ఆ వీడియో చూపించాడు. మావయ్యగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నాలుగుసార్లు విన్నారు. నీళ్ళలోంచి నల్లటి వీపు లేవడం, భుస్సుమని ఊపిరి వదలడం, అంతే. పురాణాల్లో తిమింగలాన్ని ఎన్నిసార్లు చదివి ఉంటారో గాని, అది ఊపిరి తీస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదట. నా గతి కూడా అంతే. తిమింగలం చేప కాదు, పిల్లకి పాలిచ్చే జంతువు అని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాయడమే గాని ఏనాడూ చూసిన పాపాన పోలేదు. నేనూ వస్తానని అడిగేశాను. అతను సంతోషంగా రమ్మన్నాడు.

అప్పుడు మావయ్యగారు పంచాంగం మూసి, "నేనూ వస్తానోయ్," అన్నారు.

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగిపోయింది. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పౌరోహిత్యమంతా నిరుడే చిన్నకొడుక్కి అప్పగించేశాను, భావనపాడు ఒక్కటే అట్టేపెట్టుకున్నాను, వాళ్ళ బోటెక్కితే వాళ్ళే నన్ను వద్దంటారా అని ఆయన గోడకేసి చూస్తూ అన్నారు. ఆ మాట అత్తగారికని అందరికీ తెలుసు. మా ఆయన్ని కూడా రమ్మన్నాను గాని, ఆయనకి పలాస బస్సులో వెనక సీటు దొరికితేనే కడుపులో తిప్పుతుంది, మీరిద్దరూ వెళ్ళిరండి అన్నాడు.

అప్పుడు ఒక సంగతి గమనించాను. నేను వస్తానంటే వెలిగిన మా శిష్యుడి మొహం, మావయ్యగారు వస్తాననగానే మాడిపోయింది. చోటు చాలదేమో అనుకున్నాను. చోటు కాదు గొడవ. అదేమిటో తెలియడానికి ఆదివారం పొద్దుటిదాకా పట్టింది.

ఆదివారం చీకటితోనే ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా తెల్లవారుతోంది. తేలినీలాపురం దాటుతుంటే చెట్ల మీద గూడబాతులు రెక్కలు దులుపుకుంటున్నాయి. ఎక్కడెక్కడినుంచో వచ్చి అవి అక్కడ గూళ్ళు కట్టుకుని పిల్లల్ని చేసుకుంటాయి. ఆ ఊరివాళ్ళు వాటిని పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. మావయ్యగారు వాటికి కూడా ఒక నమస్కారం పెట్టారు. ఆయన ఒళ్ళో సంచి, సంచిలో పంచాంగం, కొబ్బరికాయ, పసుపు పొట్లం, అత్తగారు కట్టిచ్చిన పులిహోర, రెండు సీసాల నీళ్ళు. నీళ్ళు నేను పెట్టాను. మాది కవిటి, కిడ్నీ జబ్బుల ఉద్దానంలో పుట్టినదాన్ని. ఎక్కడికెళ్ళినా నీళ్ళ సీసా లేకుండా ఇల్లు కదలను. మా పుట్టింటివాళ్ళు ఫోను చేస్తే ముందు ఎవరికి క్రియాటినిన్ ఎంతుందో చెప్పుకుని, ఆ తర్వాతే బాగున్నారా అని అడుగుతారు.

రేవులో ఫైబర్ బోటు కడిగి సిద్ధంగా ఉంది. మా శిష్యుడు, ఇంజను దగ్గర వాళ్ళ బావ, ఒడ్డున వాళ్ళమ్మ. విశాఖ ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, మెడలో కెమెరా, టోపీ. ముందు తొమ్మిదింటికి రమ్మని, రాత్రి ఫోను చేసి ఏడింటికే రమ్మన్నారేమిటని అడిగాడు. మా శిష్యుడు నేల చూపులు చూశాడు. మావయ్యగారు మాత్రం ఉత్సాహంగా పసుపు రాసి, కాయ కొట్టి, గడియారం చూసుకుని, సరిగ్గా ఏడూ ఇరవైకి పంచె ఎగ్గట్టి, కుడికాలు ముందు పెట్టి బోటెక్కారు. ఆయనకి లైఫ్ జాకెట్ తొడిగితే జంధ్యం దానికింద ఇరుక్కుపోయింది. పైకి తీసి సర్దుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు.

భావనపాడులో సముద్రంలోకి వెళ్ళాలంటే ముందు ఉప్పుటేరులోంచి మొగ దాటాలి. ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు మేట మీద నీళ్ళు లోతుగా ఉంటాయి. లేనప్పుడు మోకాళ్ళ దాకా కూడా ఉండవు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా, ఇంజను ఒక్కసారి గర్రుమని మూలిగి ఆగిపోవడం, బోటు ఇసుకలో కూరుకుపోయి ఒక పక్కకి ఒరగడం, నేను పులిహోర డబ్బా మీద పడటం. ఇంజనుకి నీళ్ళలో తిరిగే ఫ్యాను ఇసుకని కొట్టి, దాన్ని పట్టి ఉంచే పిన్ను విరిగిపోయింది. వాళ్ళ బావ నీళ్ళలోకి దిగి, ఇంకో పిన్ను తేవడానికి ఒడ్డు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సముద్రంలో బోటు దిగి మనిషి నడిచి వెళ్ళడం నేను అదే మొదటిసారి చూడటం.

విశాఖ ఆయన కెమెరా బ్యాగులో పెట్టేశాడు. గొంతు పెంచలేదు గాని, పోటు టైములు కూడా చూసుకోరా మీరు, జనాన్ని ఎలా తీసుకెళ్తారు అని అడిగాడు. మా శిష్యుడు ఏం చెప్తాడా అని చూశాను. ఇవాళ పోటు పదకొండు దాటాక నిండుతుందని, తొమ్మిదికి ముందు ఈ మొగ దాటలేమని తెలిసినవాడు, తప్పయిపోయింది సార్ అని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. తెలిసి మరి ఎందుకు బయల్దేరావని అడిగాను. మళ్ళీ నేలచూపులు, నేల లేదు గనక నీళ్ళచూపులు.

మావయ్యగారికి విషయం అర్థమవుతోంది. ఆయన మెల్లిగా అడిగారు. నలభై ఏళ్ళనుంచి నేను పెట్టిన ముహూర్తాలకి బోట్లు ఎలా వెళ్ళాయి, అన్నిసార్లూ ఆ వేళకి పోటు ఉందా అని.

"ఎల్లలేదు పంతులుగారూ," అన్నాడతను. ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నాడు. "మీ ముహూర్తానికి బోటుని నీళ్ళకి తాకిత్తాం. మీరు బస్సెక్కినాక ఎనక్కి లాగీసి, పోటొచ్చినాక ఎల్తాం. మా తాతలకాణ్ణించీ అలగే. ఈ పాలి మీరే బోట్లో ఉన్నారు. మిమ్మల్ని దిగమని ఎలగనేది."

నీళ్ళు బోటు అంచుని తడుతున్నాయి. మావయ్యగారు మొగకేసి చూస్తూ కూర్చున్నారు. నలభై ఏళ్ళుగా తన మాట మీద బోట్లు సముద్రంలోకి కదులుతున్నాయని నమ్మిన మనిషి. ఆయన బస్సు మలుపు తిరిగేదాకా ఊరంతా బోట్లు పట్టుకుని నిలబడి ఉండేది. ఒక్కసారి కూడా ఒక్కరు కూడా చెప్పలేదు. నాకు ఆయన మీద జాలేసింది, నవ్వూ వచ్చింది. వీటన్నిటికన్నా భయం ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం రెండున్నర దాటితే నీళ్ళు వెనక్కి తీసి మొగ మళ్ళీ మూసుకుపోతుంది, ఆలోపు వెనక్కి రావాలి. ఉన్న కాస్త టైమూ ఇక్కడే ఇసుకలో గడిచిపోతోంది. తిమింగలం కనిపించకపోతే ఆ పాపకి నాన్న లేకుండా పోవడానికి కారణం మేమే అవుతాం.

మావయ్యగారు పంచాంగం తీశారు. ఇంకో ముహూర్తం చూస్తారేమో అనుకున్నాను. ఆయన చూసింది అది కాదు. మరి మీకు పోటు ఎన్నింటికో ఎలా తెలుస్తుందోయ్ అని అడిగారు. తిథిని బట్టి అన్నాడతను. అమావాస్యకీ పున్నమికీ పొద్దున్న తొమ్మిది లోపు పోటు నిండుతుంది, ఆ తర్వాత తిథికి ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతుంది, తదియ కాబట్టి ఇవాళ పదకొండు దాటాక. అంతా మీ పుస్తకంలో ఉన్నాదే పంతులుగారూ అన్నాడు. ఆయన తదియ అన్న చోట వేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత పుస్తకం సంచిలో పెట్టేసి, పంచె పైకి బిగించి, నీళ్ళలోకి దిగిపోయారు.

"నేనే ఇరికించాను. నేనే తోస్తాను," అన్నారు.

వద్దన్నా వినలేదు. ఆయన దిగితే నేనూ మా శిష్యుడూ దిగకుండా ఎలా ఉంటాం. మేం ముగ్గురం తోస్తుంటే చూస్తూ కూర్చోవడం బాగుండదని విశాఖ ఆయన కూడా ప్యాంటు మడిచి దిగాడు. బోటు ఇంచీ కదల్లేదు. కానీ నలుగురం పక్కపక్కన వంగి హైలెస్సా అంటుంటే ఎవరికో నవ్వొచ్చింది, ఆ నవ్వు అందరికీ అంటుకుంది. పిన్ను తీసుకుని వాళ్ళ బావ వచ్చి, ఎందుకు తోత్తన్నారు, నీరెక్కితే అదే తేల్తాది గదా అన్నాడు. అలాగే నీరెక్కింది. అదే తేలింది. ఈలోగా పులిహోర సగం అయిపోయింది. పిన్ను సరిగ్గా కూర్చోక మళ్ళీ విప్పి బిగించేసరికి మొగ దాటడం పదిన్నర అయింది.

మొగ దాటాక సముద్రం వేరే. నేను ఒడ్డునుంచి చూసిన సముద్రం అస్తమానం రొద పెడుతుంది. లోపల ఆ రొద లేదు. నీళ్ళు ముదురు నీలంగా, నెమ్మదిగా లేచి దిగుతున్నాయి. వెనక్కి చూస్తే కొబ్బరితోటల పచ్చగీత ఉత్తరంగా సాగిపోతోంది. ఎక్కడో అక్కడ మా కవిటి దాకా వెళ్తుంది అది. దానివెనక మహేంద్రగిరి. మా శిష్యుడు దారి ఎలా గుర్తుపడతాడో చెప్పాడు. వాళ్ళ నాన్నకి ఒడ్డున రెండు తాటిచెట్లు గుర్తు. ఆ చెట్లు కొండ శిఖరం కిందికి వస్తే అక్కడ చేప పడుతుంది. తుఫానుకి ఆ చెట్లు పోయాయి. ఇప్పుడు సెల్ టవరు గుర్తు. నాన్నకి తాడిచెట్లు సిగ్నలిచ్చేవి, నాకు టవరిస్తంది అన్నాడు. ఈసారి విశాఖ ఆయన కూడా నవ్వాడు.

పక్షులు కనిపించడం మొదలైంది. బూడిదరంగు రెక్కల సముద్రపు కాకులు, తోక చీలిన సన్నటి తెల్లపిట్టలు. సముద్రపు కాకులు హిమాలయాల అవతలినుంచి చలికి పారిపోయి వస్తాయని నేను చెప్పాను. ఏది ఎలా వేటాడుతుందో అతను చెప్పాడు. ఇద్దరం కలిసి ఒక పాఠం చెప్పినట్టయింది. కానీ తిమింగలం జాడ లేదు. పదకొండున్నర అయింది. పన్నెండు అయింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. విశాఖ ఆయన ఫోను చూసుకుంటున్నాడు. మా శిష్యుడు బోటు ముక్కు మీద నిలబడి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. వాళ్ళ బావ డీజిలు లెక్క చూసుకుని ఇంకో అరగంట అన్నాడు. మావయ్యగారు అన్నిటికీ ఒక మంత్రం ఉన్న మనిషి, పెదవి కదపలేదు. ఏదైనా చదవండి మావయ్యగారూ అన్నాను, బతిమాలుతున్నట్టే అన్నాను. పొద్దుటినుంచీ నేను చేసింది చాల్లేమ్మా అన్నారు.

అప్పుడు దూరంగా తెల్లపిట్టలు ఒక్కచోట గుంపుగా తిరుగుతూ టపటపా నీళ్ళలోకి పడటం కనిపించింది. కవళ్ళు, అంటే చిన్న వెండిరంగు చేపలు, పైకి తేలాయన్నమాట. కింద వాటిని ఎవరో తరుముతున్నారు. అతను బావకి చేత్తో సైగ చేశాడు. బోటు అటు తిరిగింది. పిట్టలకి ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను ఆపించేశాడు.

నల్లటి వీపు లేచింది. ఎంతసేపు చూసినా అవ్వని వీపు. చివరికి వంకీ తిరిగిన చిన్న రెక్క కనిపించి మునిగిపోయింది. దాని పక్కనే, అచ్చం అలాగే, ఇంకో చిన్న వీపు. తల్లీ పిల్లా. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాసిన వాక్యం నా కళ్ళెదుట ఈదుతోంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, ఎందుకో అడిగితే చెప్పలేను.

విశాఖ ఆయన కెమెరా ఎత్తి, దగ్గరికి పోనివ్వండి, ఇంత దూరంనుంచి ఏం కనిపిస్తుంది అన్నాడు. మా శిష్యుడు కదల్లేదు. ఆయన మళ్ళీ అన్నాడు, వచ్చే జనం దగ్గరగా చూడాలనే వస్తారు, దగ్గరికి వెళ్ళకపోతే ఈ ట్రిప్పు దండగ అని. నాకు ఒళ్ళంతా చెవులైంది. పోనిస్తే పోయేదేముంది, ఒక్క నిమిషం, నీ పాప కోసం పోనియ్యరా అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అనలేదు గాని అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

"పిల్లున్న తల్లి సార్," అన్నాడతను. "ఇంజనేసుకోని ఎల్తే పిల్లని తీసుకోని ఎలిపోద్ది. కూకోండి. దానికిట్టమైతే అదే వత్తాది. రాకపోతే నాను వెరావలెల్తాను, దాన్నయితే తరమను."

విశాఖ ఆయన అతనికేసి చూసి, కెమెరా దించి, కూర్చున్నాడు. అందరం కూర్చున్నాం. గడియారం చూడ్డానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు.

అది వచ్చింది. బోటు కింద నీళ్ళు లేతరంగుకి మారడం ముందు చూశాను. తర్వాత అది మా పక్కనే, మా ఇంటి పెరడంత దూరంలో, లేచి ఊపిరి వదిలింది. వీడియోలో విన్న భుస్సు కాదు అది, కడుపులో వినిపించింది. తుంపర గాలికి తిరిగి నేరుగా మావయ్యగారి మీద పడింది. నెత్తి, కళ్ళజోడు, జంధ్యం, అన్నీ తడిశాయి. కుళ్ళిన చేపల కంపు. డెబ్బై రెండేళ్ళ మడి ఒక్క తుంపరతో కొట్టుకుపోయింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకోకుండా చేత్తో పట్టుకుని, నోరు తెరిచి చూస్తున్నారు. వెనకాలే పిల్ల లేచింది. దాని ఊపిరి చిన్న తుమ్ములా ఉంది.

"శతాయుష్షు," అన్నారు మావయ్యగారు, మనవలు తుమ్మితే అన్నట్టు.

నవ్వామో ఏడ్చామో తెలీదు. వాళ్ళ బావ ఇంజను మీద చెయ్యేసి చంటివాడిలా ఎగిరాడు. నేను మా శిష్యుడి వీపు మీద దబదబా కొట్టాను, పదోతరగతిలో పాఠం తప్పు చెప్పినప్పుడు కొట్టినట్టే. తల్లీ పిల్లా మా చుట్టూ ఒక అరచుట్టు తిరిగి, తూర్పుగా వెళ్ళిపోయాయి.

విశాఖ ఆయన తీసింది చూసుకుంటే, మొదట్లో దూరపు వీపులు తప్ప తిమింగలం లేదు. దగ్గరికి వచ్చినప్పుడు కెమెరా ఒళ్ళో పెట్టుకుని మర్చిపోయాడు, రికార్డు అవుతూనే ఉంది. మొత్తం ఆయన మోకాలు, వెనక మా కేకలు. చూసి చూసి ఆయనే పడీపడీ నవ్వాడు. తిరుగు దారిలో మా శిష్యుడి పక్కకి జరిగి కూర్చున్నాడు. ఇంకో రెండుచోట్ల ఇలాంటి ట్రిప్పులు నడుపుతున్నానని, అక్కడ వెంటపడి తరిమేవాళ్ళే గాని ఆగమని తనతో అన్నవాడు ఒక్కడూ లేడని చెప్పాడు. వచ్చే ఆదివారం ఎనిమిదిమందిని పంపుతాను, పోటు చూసుకుని టైము నువ్వే చెప్పు అన్నాడు. మా శిష్యుడు తలూపి, సముద్రం వైపు తిరిగి, ముక్కు చీదుకున్నాడు.

ఒడ్డు దగ్గరపడుతుంటే మావయ్యగారిని సంతోషపెడదామనుకున్నాడు కాబోలు, అంతా మీ ముహూర్తబలం పంతులుగారూ అన్నాడు. వద్దులేవోయ్, నలభై ఏళ్ళు నమ్మించారు, చాలు అన్నారు ఆయన. కానీ మొహం వెలిగిపోతోంది. రెండింటికి మొగ దాటాం. ఈసారి మేట ఎక్కడుందో కూడా తెలియలేదు.

వాళ్ళమ్మకి సంగతి బోటు ఆగకముందే అర్థమైపోయింది, కొడుకు నడక చూసి. కొబ్బరిబొండాలు కొట్టించింది, పళ్ళెంలో జీడిపప్పు పెట్టింది. పంతులుగారు తమ ఇంట ఏమీ పుచ్చుకోరని ఆమెకి తెలుసు, అరటిపళ్ళు విడిగా తెచ్చి సంచి పక్కన పెట్టింది. ఈయన అవి చూసి, టీ ఉందామ్మా అని అడిగారు. ఆమె పరుగున లోపలికి వెళ్ళింది. చేపల కంపు కొడుతూ, తడి పంచెతో, నులకమంచం మీద కూర్చుని మావయ్యగారు టీ తాగారు. బాగుందని ఇంకో అరగ్లాసు పోయించుకున్నారు. ఇంటికెళ్ళాక అత్తగారు ఆయన్ని పెరట్లో నూతి దగ్గరే ఆపేసి మూడు బిందెలు కుమ్మరించారు, ఆ టీ సంగతి నేను ఇంతవరకు చెప్పలేదు.

మా శిష్యుడి భార్య పాపని తెచ్చి అతని చేతికిచ్చింది. పాప అతని మొహంలోకి చూసి, పెదవి విరిచి, గుక్కపట్టి ఏడుపు అందుకుంది. ఆ అమ్మాయి తీసుకోబోతే అతను ఇవ్వలేదు.

"ఏడవనీయే," అన్నాడు. "ఇంక రోజూ సూత్తాది గదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుధవారం రైలు గురించి ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. అతను పాపని భుజాన వేసుకుని ఊపుతూనే మావయ్యగారి దగ్గరికి వచ్చాడు. అన్నప్రాశనకి మంచిరోజు చూడమన్నాడు, తను ఉంటానన్నాడు.

మావయ్యగారు సంచిలోంచి పంచాంగం తీశారు. పొద్దున్న నీళ్ళు తగిలి అంచులు ఉబ్బాయి. కళ్ళజోడు మీద తిమింగలం తుంపర ఎండి ఇంకా తెల్లగా ఉంది. పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, పంచమి, చాలా మంచిరోజు అన్నారు. ముహూర్తం ఎన్నింటికో చెప్తారని అందరం చూస్తున్నాం. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు. అమావాస్య నుంచి ఐదు, తిథికి ముప్పావుగంట.

"పంచమి అంటే పోటు పన్నెండున్నర ప్రాంతం. నువ్వు పదకొండుకి బోటు దగ్గరుండాలి. అయితే తొమ్మిదికే పాయసం పెట్టించేద్దాం," అని, ఆయన తలెత్తి అతని మొహంలోకి చూశారు. "లెక్క సరిగ్గా చేశానా?"